సాంద్రత పాఠానికి ఏ పద్ధతి మంచిది: స్కేలా, కొలజాడీయా, కాటా మీద గ్లాసా?

మొదటిసారి పిల్లల చేత సాంద్రత కొలిపించిన రోజు బోర్డు మీద ఆరు అంకెలు పడ్డాయి: 2.0, 2.4, 2.7, 3.0, 3.0, 4.0. ఆరు గ్రూపులకీ ఇచ్చింది ఒకే పలకలోంచి వచ్చిన టెక్కలి నీలి గ్రానైట్ చిప్పలే. అన్నీ పన్నెండేసి గ్రాములు ఉండేలా ఏరి మరీ ఇచ్చాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి "ఏటి మేస్టారూ, అన్నీ ఒకే రాయి కాదేటి?" అన్నాడు. 4.0 వచ్చిన గ్రూపు మాత్రం తమదే అందరికన్నా గట్టి రాయని సంబరపడిపోతోంది.

గ్రానైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.6 నుంచి 2.8 గ్రాములు. అంటే ఆరింటిలో ఒక్క గ్రూపే దగ్గరికొచ్చింది, అదీ అదృష్టం కొద్దీ. బరువుని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత, ఆ భాగహారం ఎవరూ తప్పు చేయలేదు, బరువూ సరిగ్గానే తూచారు. ఆ చిప్ప అసలు ఘనపరిమాణం నాలుగున్నర మిల్లీలీటర్లు. నేను వాళ్ల చేతికిచ్చింది 250 మి.లీ. కొలజాడీ, అందులో గీతకీ గీతకీ మధ్య 2 మి.లీ. ఒకరికి నీళ్లు 3 పెరిగినట్టు కనిపించాయి, ఒకరికి 6 పెరిగినట్టు. పిల్లల తప్పేముంది? రాయికి సరిపడని జాడీ ఇచ్చింది నేను.

అప్పటినుంచీ ఈ పాఠం చెప్పే ముందు చూసుకునేది ఒక్కటే. ద్రవ్యరాశి కొలవడం ఇప్పుడు సమస్య కాదు, వంటింటి కాటా ఐదొందల లోపే దొరుకుతోంది. ఘనపరిమాణం ఎలా కొలిపిస్తామన్న దాని మీదే పాఠం నిలబడుతుంది. కింద చెప్పేవన్నీ విజయనగరం జిల్లాలో, చీపురుపల్లి వైపు పల్లె హైస్కూల్లో, నలభై మందికి రెండు బల్లలున్న లేబ్‌లో నేను చేయించి చూసినవి.

స్కేలుతో కొలిచి లెక్కకట్టడం

పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేస్తే ఘనపరిమాణం. లెక్కల టీచరుగారికి ఈ పద్ధతి ఇష్టం, నాకు అంత కాదు. లేబ్ పెట్టెలో వచ్చే లోహపు ఘనం భుజం 2 సెంటీమీటర్లు. స్కేలు మీద ఒక మిల్లీమీటరు తేడాగా చదివితే భుజంలో 5 శాతం తప్పు. ఆ తప్పే మూడు భుజాల్లోనూ పడితే ఘనపరిమాణం 15 శాతం దాటి తప్పుతుంది. ఇత్తడి కాస్తా ఇనుము దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి స్కేలు వాడాలనుకుంటే పెద్ద వస్తువు తీసుకోండి. వడ్రంగి దగ్గర పది సెంటీమీటర్ల చెక్క దిమ్మ కోయించుకుంటే ఆ ఒక్క మిల్లీమీటరు తప్పూ ఒక శాతానికి దిగిపోతుంది.

ఈ పద్ధతి ఎక్కడ మోసం చేస్తుందో చూపించడానికి నాకు రూపాయి బిళ్ళలంత బాగా ఏదీ పనికిరాలేదు. 2011 తర్వాత వచ్చిన, 22 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు రూపాయి ఒక్కోటి 3.79 గ్రాములు. ఇరవై పేరిస్తే 75.8 గ్రాములు, దొంతర ఎత్తు సుమారు 29 మిల్లీమీటర్లు. దొంతరను స్తూపంగా లెక్కిస్తే దాదాపు 11 ఘన సెంటీమీటర్లు, సాంద్రత 6.9. అవే బిళ్ళలు నీళ్లలో వేస్తే నీటి మట్టం పది మిల్లీలీటర్లే పెరిగింది, సాంద్రత 7.6. స్టీలుకి దగ్గరగా ఉన్నది రెండో అంకె. మిగతా దాదాపు ఒక మిల్లీలీటరు ఎక్కడికి పోయిందని అడిగితే క్లాసు కాసేపు తల బద్దలు కొట్టుకుంటుంది. ఎవరో ఒకరు బిళ్ళను వెలుతురుకి పట్టుకుని అంచు లేచి ఉండటం, మధ్యలో పల్లంగా ఉండటం కనిపెట్టేస్తారు. దొంతరలో బిళ్ళకీ బిళ్ళకీ మధ్య గాలి ఉంది, స్కేలు ఆ గాలిని కూడా లోహం ఖాతాలో వేసేసింది. ఒక జాగ్రత్త: 2019 నుంచి వచ్చిన రూపాయి చిన్నది, 20 మి.మీ., 3.09 గ్రాములు. రెండూ కలిసిపోతే లెక్క గోవిందా.

కొలజాడీలో ముంచడం

ఆరు, ఏడు తరగతులకు మొదటి పద్ధతి ఇదే కావాలంటాను. ఖచ్చితత్వంలో ఇది అన్నింటికన్నా మెరుగేమీ కాదు. కానీ రాయి దిగుతుంటే నీళ్లు పైకి రావడం కళ్లకు కనిపిస్తుంది. ఘనపరిమాణమంటే వస్తువు ఆక్రమించే చోటు అని పదిసార్లు చెప్పడం కన్నా ఆ ఒక్క దృశ్యం మేలు.

జాడీ ఎంపికే అసలు విషయం. రాయి పట్టగలిగినంతలో అతి సన్నని జాడీ తీసుకోండి, నీటి మట్టం కనీసం ఇరవై గీతలైనా పెరిగేంత సరుకు అందులో వేయండి. ఒక్కో గీత 1 మి.లీ. ఉన్న 100 మి.లీ. జాడీలో ఇరవై మి.లీ. పెరిగితే ఒక గీత తప్పు చదివినా 5 శాతమే. ఒక్క పెద్ద రాయి పట్టకపోతే పది చిన్న చిప్పలు కలిపి వేయొచ్చు. సాంద్రతకి ముక్కలతో పనిలేదన్న సంగతి కూడా అక్కడే తేలిపోతుంది.

గాజు జాడీలో రాయిని పైనుంచి వదిలితే అడుగు పగులుతుంది. నా దగ్గర రెండు అలాగే పోయాయి. జాడీని వాల్చి జారవిడవమనండి, లేదా దారం కట్టి దించమనండి. ప్లాస్టిక్ జాడీ పగలదు, అందులో నీటి ఉపరితలం కూడా అంత వంపు తిరగదు, పిల్లలు చదవడం తేలిక. గాజుదైతే వంపు అడుగుభాగాన్ని కంటికి సమానంగా పెట్టుకుని చదవాలి. నిలబడి పైనుంచి చూస్తే ఒక గీత ఎక్కువ కనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చోబెట్టి చదివించండి, యూనిఫాం మాసిపోతుందని ఇంట్లో గొణుక్కున్నా సరే. రాయికి అంటుకున్న గాలి బుడగల్ని జాడీని తట్టి వదిలించాలి.

ఈ పద్ధతికి లొంగనివి కొన్ని ఉన్నాయి. ఇటుక ముక్క నీళ్లు తాగేస్తుంది. ఒక రాత్రంతా నానబెట్టి, పైతడి తుడిచి ముంచితే ఘనపరిమాణం సరిగా వస్తుంది, బరువు మాత్రం పొడిగా ఉన్నప్పటిదే తీసుకోవాలి. బెల్లం, ఉప్పు కరిగిపోతాయి. వాటికి నీళ్ల బదులు వేరుశనగ నూనె పోశాను. నౌపడ కల్లుప్పు 43 గ్రాములు నూనెలో వేస్తే మట్టం 20 మి.లీ. పెరిగింది, సాంద్రత 2.15. ఉప్పు అసలు విలువ 2.16. నూనె జాడీ కడగడానికి మాత్రం సబ్బుతో అరగంట పట్టింది, అందుకని అది ఏడాదికి ఒక్కసారే.

కొలజాడీ ఒక్కటే చేయగల పని ఒకటుంది: ఇసుక. నాగావళి ఇసుక పొడిది 50 గ్రాములు ఖాళీ జాడీలో పోస్తే 31 మి.లీ. గీత దాకా వచ్చింది. అదే ఇసుకని 50 మి.లీ. నీళ్లలో పోస్తే మట్టం 81కి వెళ్లాలి కదా, 69 దగ్గరే ఆగిపోయింది. "పన్నెండు మిల్లీలీటర్లు ఎటెలిపోనాయండి?" అని గుంటలందరూ జాడీ చుట్టూ మూగారు. రేణువుల మధ్య గాలి ఖాళీల్లోకి నీళ్లు వెళ్లిపోయాయని వాళ్ల నోటే వచ్చేదాకా నేను నోరు విప్పలేదు. 50ని 19తో భాగిస్తే 2.63, ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ సాంద్రత 2.65. తర్వాత భావనపాడు తీరం నుంచి ఒక పిల్లాడి మేనమామ తెచ్చిన నల్ల ఇసుక అంతే బరువు పోస్తే మట్టం 13 మి.లీ. మాత్రమే పెరిగింది, అంటే 3.85. అందులోని గార్నెట్, ఇల్మెనైట్ బరువైన ఖనిజాలు. ఇల్మెనైట్ ఒక్కటే అయితే 4.7 దాకా ఉంటుంది. గుప్పెడు ఇసుక చాలు, సంచులు నింపుకురావద్దని ముందే చెప్పండి.

కాటా మీద గ్లాసు

ఎనిమిదో తరగతి నుంచి నా ఓటు దీనికే. వంటింటి డిజిటల్ కాటా మీద సగానికి పైగా నీళ్లున్న స్టీలు గ్లాసో, ప్లాస్టిక్ డబ్బానో పెట్టి రీడింగును సున్నా చేయండి. రాయికి దారం కట్టి, అడుక్కీ పక్కలకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే రాయి ఘనపరిమాణం అన్ని మిల్లీలీటర్లు. ఇప్పుడు దారం వదులు చేసి రాయిని అడుగున కూర్చోనివ్వండి. ఈసారి చూపించేది రాయి ద్రవ్యరాశి. రెండు అంకెలూ నిమిషంలో వచ్చేస్తాయి, చదవడానికి గీతల్లేవు, కంటిమట్టం గొడవ లేదు.

పిల్లలు దీన్ని మొదట నమ్మరు. రాయి బరువంతా దారం పట్టుకుంటే కాటా ఎందుకు కదిలిందని అడుగుతారు, అడగాలి కూడా. రాయి పక్కకి నెట్టిన నీటి బరువెంతో అంత బలంతో నీళ్లు రాయిని పైకి నెడతాయి. నీళ్లు రాయిని పైకి నెడితే రాయి నీళ్లని అంతే బలంతో కిందికి నెడుతుంది. కాటా చూపించేది ఆ నెట్టుడునే. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము కాబట్టి గ్రాముల అంకే మిల్లీలీటర్ల అంకె అవుతుంది. రాయి బదులు వేలు ముంచమనండి, అప్పుడు తెలుస్తుంది. వేలు గ్లాసుకి ఎక్కడా తగలకపోయినా అంకె పెరుగుతుంది. తమ వేలు ఘనపరిమాణం కొలుచుకుంటున్నామని తెలిశాక ఆ గంటలో ఇంకో పాఠం సాగదు.

దీని గొప్ప ఏమిటంటే పెద్ద రాళ్లు వాడొచ్చు. చేతిలో ఇమిడేంత గ్రానైట్ ముక్క వేలాడదీస్తే 61, అడుగున కూర్చోబెడితే 165. సాంద్రత 2.70. కాటా ఒక గ్రాము అటూ ఇటూ అయినా జవాబు 2.66, 2.75 మధ్యలోనే ఉంటుంది. మొదటిరోజు బోర్డు మీది ఆరు అంకెలతో పోల్చి చూడండి. మా వైపు గరివిడి, చీపురుపల్లి ప్రాంతం మాంగనీసు గనులకి పేరు, ఆ ఖనిజపు ముక్కలు ఇళ్ల దగ్గర దొరుకుతూనే ఉంటాయి. ఒక పిల్ల తెచ్చిన నల్లటి ముక్క 170 గ్రాములు, వేలాడదీస్తే 41. అంటే 4.15. పక్కపక్కన పెడితే గ్రానైట్ ముక్కే పెద్దది, చేతిలోకి తీసుకుంటే నల్లదే బరువు. సాంద్రత అన్న మాటకి అంతకన్నా వివరణ నేనివ్వలేదు.

తేలే వస్తువులకైతే ఇది మరీ సుళువు. చెక్క ముక్కని ఊరికే నీళ్ల మీద వదిలితే కాటా చూపించేది దాని ద్రవ్యరాశి, 24. సన్నటి సూదితో అది మునిగేదాకా నొక్కితే చూపించేది ఘనపరిమాణం, 40. సాంద్రత 0.6. కొవ్వొత్తి ముక్కతో ఇలాగే చేస్తే 0.9 దగ్గర వస్తుంది. కొలజాడీలో ఇదే పని చేయాలంటే చెక్కకి బరువు కట్టి, ఆ బరువు ఘనపరిమాణం విడిగా తీసేయాలి.

లోపాలు లేకపోలేదు. చెయ్యి వణికితే అంకె నిలవదు, దారాన్ని స్కేలుకో కర్రకో కట్టి రెండు ఇటుకల మీద ఆనించాలి. కొన్ని కాటాలు నిమిషంలో వాటంతటవే ఆరిపోతాయి, సున్నా పోతుంది. నీళ్లు ఒలికి లోపలికి వెళితే కాటా పోయినట్టే. పైన పాలిథిన్ కవరు తొడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, నీళ్లు పైకి రావడం ఇందులో కంటికి ఆనదు. అందుకే చిన్న తరగతులకు వద్దంటున్నాను.

స్ప్రింగు త్రాసు సంగతి

గాలిలో బరువు, నీటిలో బరువు, రెండింటి తేడా. తొమ్మిదో తరగతి ప్రాక్టికల్ పుస్తకాల్లో ఉండేది ఇదే, ఆర్కిమెడిస్ సూత్రం చెప్పాలంటే దీన్ని మించింది లేదు. కానీ సాంద్రతని పరిచయం చేయడానికి దీన్ని మొదట పట్టుకోకండి. పిల్లాడి బుర్రలో ఉత్ప్లవనం, బరువు తగ్గడం, సాంద్రత, సాపేక్ష సాంద్రత నాలుగూ కలగాపులగం అయిపోతాయి. పైగా లేబ్‌లో ఉండే స్ప్రింగు త్రాసులు సాగిపోయి సున్నా దగ్గర నిలవవు. కాటా మీద గ్లాసు చేశాక ఇది చూపిస్తే "అదే కదండి మేస్టారూ, తిరగేసి" అని వాళ్లే అంటారు.

ద్రవాలకి ఏది?

సాంద్రత సీసా (నిండా పోస్తే ఎంత పడుతుందో ఖచ్చితంగా తెలిసిన చిన్న గాజు సీసా), సిరంజి, స్ట్రా. మూడింట్లో సిరంజి కొనండి. మందుల షాపులో సూది లేకుండా 20 మి.లీ. సిరంజి, నగల తూకానికి వాడే 0.01 గ్రాముల చిన్న కాటా ఉంటే చాలు. వేరుశనగ నూనె 20 దాకా లాగి, బుడగ లేకుండా చూసి, తూచిన కప్పులోకి సున్నా దాకా వదలాలి. బరువు 18.3 గ్రాములు, సాంద్రత 0.915. సిరంజినే నూనెతో తూస్తే మూతి గొట్టంలో ఉండిపోయే చుక్క కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, అందుకే బయటికి వదిలిన నూనెనే తూచాలి. సాంద్రత సీసా ఇంతకన్నా ఖచ్చితమైనదే, ఇంటర్ లేబ్‌లకి అది ఉండాలి. హైస్కూల్లో నలభై మందికి ఒక్క సీసా వంతులవారీగా తిప్పుతుంటే బెల్లు కొట్టేస్తారు.

స్ట్రా ముచ్చటైనది. ఒక చివర ఎం-సీల్‌తో మూసి, లోపల కాస్త ఇసుక పోస్తే నిటారుగా తేలుతుంది. నీళ్లలో 80 మిల్లీమీటర్లు మునిగిన స్ట్రా, ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లలో 67 మాత్రమే మునుగుతుంది. 80ని 67తో భాగిస్తే 1.19, అసలు విలువ సుమారు 1.2. నౌపడ ఉప్పు మడుల సంగతి ఇక్కడ చెప్పండి. సుమారు 1.02 ఉన్న సముద్రపు నీళ్లు మడి నుంచి మడికి మారుతూ ఎండకి చిక్కబడి, 1.21 దగ్గరికి వచ్చాకే ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. ద్రవంలో తేలుతూ సాంద్రత చూపించే హైడ్రోమీటరు మీద అది బోమే అనే కొలమానంలో 25 డిగ్రీలు. టెక్కలి చుట్టుపక్కల స్కూళ్లయితే పిల్లల్ని అక్కడికే తీసుకెళ్లొచ్చు.

కానీ అదే స్ట్రాతో పాలలో నీళ్లు పట్టేస్తామని మాటివ్వకండి, నేను ఇచ్చి నవ్వులపాలయ్యాను. పాల సాంద్రత 1.03 చొప్పున స్ట్రా 77.7 మి.మీ. మునగాలి. నీళ్లకీ పాలకీ తేడా రెండు మిల్లీమీటర్ల చిల్లర. నీళ్లు కలిపిన పాలకీ చిక్కటి పాలకీ తేడా పెన్ను గీత మందమే. లాక్టోమీటరుకి కింద లావు బుడ్డి, పైన సన్నటి కాడ ఉండేది ఆ తేడా పెద్దదిగా కనిపించడానికే.

ఫోన్లో, ప్యానెల్ మీద ఆడే సిమ్యులేషన్లు ఉన్నాయి, కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ బాగుంటుంది. చేతులు తడిశాక చూపించండి, ముందు కాదు. అందులో రాయికి బుడగ అంటుకోదు.

లెక్క ఎలా కట్టించాలి?

ఒక్క ముక్క కొలిచి భాగహారం చేయించడం కన్నా గ్రాఫు మేలు. ఆరు గ్రూపులకి ఆరు సైజుల గ్రానైట్ ముక్కలిచ్చి, అడ్డంగా ఘనపరిమాణం, నిలువుగా ద్రవ్యరాశి పెట్టి అందరి చుక్కలూ బోర్డు మీద ఒకే గ్రాఫులో వేయించండి. చుక్కలు సున్నాలోంచి పోయే సరళరేఖ మీదికి వస్తాయి, ఆ రేఖ వాలే సాంద్రత. తప్పు కొలిచిన గ్రూపు చుక్క వరసలోంచి బయటపడుతుంది, నేను వేలెత్తి చూపక్కర్లేదు, వాళ్లే వెళ్లి మళ్లీ కొలుచుకుంటారు. మాంగనీసు చుక్కలు ఇంకాస్త నిటారైన మరో గీత మీదికి వెళతాయి.

ప్రమాణాలు గ్రా./ఘన సెం.మీ.లోనే మొదలుపెట్టండి, నీళ్లు 1 అవుతాయి, పోల్చుకోవడం తేలిక. ఘన మీటరుకి కిలోగ్రాములంటే 1000తో హెచ్చవేయడమేనని తర్వాత చెప్పొచ్చు. కాలిక్యులేటర్ చూసి 2.7049180 అని రాసేవాళ్లని మాత్రం ఆపాలి. మన కాటా తప్పు ఒకటి రెండు శాతం ఉన్నప్పుడు 2.7 తర్వాతి దశాంశాలు చాలావరకు ఉత్తివే. దశాంశాలు ఎప్పుడు విలువైనవంటే ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ కథ చెబుతాను. గాలిలోంచి తీసిన నైట్రోజన్ లీటరుకి 1.2572 గ్రాములు, రసాయనాల నుంచి తీసింది 1.2505. తేడా అర శాతం. ఆయన తూకం అంతకన్నా నిక్కచ్చిగా ఉంది కాబట్టి దాన్ని వదిలేయలేదు. 1894లో రసాయన శాస్త్రవేత్త రామ్సేతో కలిసి ఆ తేడాలోంచే ఆర్గాన్‌ని బయటికి తీశాడు.

బంగారం జోలికి వెళ్లకండి. ఒక పిల్ల చెవి దుద్దు తీసి "ఇది 22 కేరెట్లో కాదో చూద్దాం టీచర్" అని మా పక్క సెక్షన్‌లో జాడీలో వేసింది. రెండు గ్రాముల దుద్దు ఘనపరిమాణం ఒక మిల్లీలీటరులో పదో వంతు కాస్త పైన. జాడీలో నీళ్లు కదిలినట్టు కూడా కనపడలేదు. మర్నాడు వాళ్లమ్మ మాత్రం వచ్చింది. బూడితి ఇత్తడి చెంబులు తెచ్చుకోవచ్చు, 8.4 నుంచి 8.7 మధ్య వస్తుంది, పళ్లెంలో నీళ్లు ఒలికినా ఎవరూ అడగరు. అయితే అది ఇత్తడో కంచో తేల్చమంటే మన కాటా వల్ల కాదు, రెండూ దగ్గరదగ్గరే.

స్కూలు నిధుల్లోంచి రెండు వేలు వస్తాయంటే నేనైతే మూడు వంటింటి కాటాలు, 100 మి.లీ. ప్లాస్టిక్ జాడీలు రెండు, సిరంజిలు ఆరు రాసిస్తాను. ఒక్కటే కొనగలిగితే కాటా కొనండి. జాడీ లేకపోయినా గ్లాసు, దారం ఎవరింట్లోనైనా ఉంటాయి.